నీళ్ల మాదిరి నూనె

ఇప్పటి పిల్లలు పెళ్లికి ముందే ఫోన్లలో అన్నీ మాట్లాడేసుకుంటున్నారు. నచ్చింది, నచ్చలేదు, పప్పులో ఉప్పు ఎక్కువ తింటావా తక్కువ తింటావా, అన్నీ. మేము పెళ్లీడుకొచ్చినప్పుడు ఇంత వైభోగం లేదు. మరీ తాతలనాటి మాటేమీ కాదు, బటన్ నొక్కితే కారు అద్దం దిగే కాలమే. అయినా తమిళనాడులో మా వేలూరు వైపు తెలుగిళ్లలో పెళ్లిచూపులంటే ఆడపిల్లకు పనులు రెండే: తల వంచుకుని కాఫీ ఇవ్వడం, అడిగితే ఒక పాట పాడడం. ఆ రెండింటిలో మొదటిది నాకు కొంచెం వచ్చు, రెండోది బొత్తిగా రాదు. బాగా వచ్చిన మూడో పని ఒకటుంది గానీ, దాన్ని గురించి ఎవరి ముందూ నోరెత్తకూడదని మా అమ్మ దేవుడి పటం ముందు నాచేత ఒట్టు వేయించింది. (ఒట్టు వేసేటప్పుడు నా గోళ్లలో గ్రీజు ఉండింది. దేవుడు చూసే ఉంటాడు.)

ఆ మూడో పని కార్ల రిపేరు. ఆటోమొబైల్ డిప్లొమా ముగించి సత్తువాచారిలో ఒక సర్వీసు సెంటర్లో, ఇంజన్ల విభాగంలో చేరాను. ఆ షెడ్డు మొత్తానికి జడ ఉన్నది నాకొక్కదానికే. నాయనకు నా ఉద్యోగమంటే లోలోపల గర్వం. కనియంబాడిలో మా పొలం మోటారు మొరాయించినా నాకే ఫోను చేసేవాడు. అమ్మకు మాత్రం అదొక పరువు సమస్య. సంబంధాలు తెచ్చేవాళ్లకు "మా బిడ్డ కార్ల కంపెనీలో, ఏసీలో, కంప్యూటర్ ముందర కూర్చోని పని చేస్తా ఉండాది" అని చెప్పేది. పూర్తిగా అబద్ధం అనలేం. ఇంజన్లో లోపాన్ని చదివే స్కానర్ కూడా ఒక రకం కంప్యూటరే. ఏసీ కూడా ఉండేది, బాగుచేయమని వచ్చిన కార్లలో.

అట్లా వచ్చిందే గుడియాత్తం సంబంధం. అక్కడి బజారు వీధిలో వాళ్లది తరతరాల నూనె వ్యాపారం. ముందర అంగడి, వెనక గానుగ, మేడ మీద ఇల్లు. ఆ ఇంటి పెద్దాయన ఒక చుక్క నూనె వేలి మీద వేసుకుని, బొటనవేలితో రుద్ది, కళ్లు మూసుకుని అది ఏ ఊరి నువ్వుల నూనో, అందులో ఏం కలిసిందో చెప్పేస్తాడని చుట్టుపక్కల పేరు. అబ్బాయి అంగడి చూసుకుంటాడు. వాళ్లు పెట్టిన షరతు ఒకటే, పెళ్లయ్యాక పిల్ల ఉద్యోగం మానేయాలి. "దానికేముండాది, రేపే మానిపిస్తాం" అని అమ్మ ఫోనులోనే ఒప్పేసుకుంది. నన్ను ఎవరడిగారు? పోనీ ఆ అబ్బాయి ఫోటో చూసి నచ్చలేదని చెబుదామంటే, ఖర్మకొద్దీ నచ్చాడు. రెండు తలుపులూ తెరిచిపెట్టిన కారు మాదిరి చెవులు, దాచుకోవడం చేతకాని నవ్వు. నాకు ఆ అబ్బాయీ కావాలి, ఆ ఉద్యోగమూ కావాలి. రెండూ కావాలని గట్టిగా అంటే రెండూ పోతాయేమోనని భయం. సంక్రాంతి వెళ్లాక, తై నెలలో ఒక ఆదివారం పట్టుచీర కట్టుకుని, ఆ భయాన్ని కడుపులో పెట్టుకుని కూర్చున్నాను.

వాళ్లకంటే ముందు వాళ్ల కారు చప్పుడు వచ్చింది. వీధి మలుపులోనే ఇంజన్ ఒక లయ లేకుండా గునుస్తోంది. వంటింటి కిటికీ దగ్గర నా చెవులు నిక్కబొడుచుకున్నాయి. "అమ్మా, ఆ బండికి ఊపిరి అందడం లేదే" అన్నాను. అమ్మ కాఫీ పళ్లెం నా చేతిలో పెట్టి, "నీకు ఊపిరాడకుండా చేస్తా నేను, గమ్మునుండు" అంది. తల వంచుకుని వెళ్లి కాఫీ ఇచ్చాను. పెద్దాయన తెల్ల పంచె, నుదుట నామం, ఇంత లావు మీసం. ఆయన భార్య నా చేతులవైపే చూస్తోంది. అబ్బాయి తన చెప్పులవైపు చూస్తున్నాడు. "ఒగ పాట పాడమ్మా" అన్నాడు పెద్దాయన. "దానికి గొంతు నొప్పప్పా" అంది అమ్మ, నేను నోరు తెరిచేలోపు. ఏమడిగినా అబ్బాయి "అమ్మ ఎట్ల చెప్తే అట్ల", "నాయన ఇష్టం" అని రెండు పక్కలా తలూపుతున్నాడు. ముందు గేరూ పడదు, వెనక గేరూ పడదు. మనసులో అప్పుడే ఆయనకు న్యూట్రల్ అని పేరు పెట్టుకున్నాను. (ఇన్నేళ్లయినా ఫోనులో ఆయన పేరు అదే.)

అంతా సవ్యంగా ముగిసి, తాంబూలం తీసుకుని, వాళ్లు కారెక్కారు. స్టార్ట్ చేయగానే బండి దడదడలాడి ఆగిపోయింది. మళ్లీ స్టార్ట్ చేశారు, మళ్లీ వణికి ఆగింది. వీధిలో అందరూ తలుపుల్లోకి వచ్చారు. పెళ్లిచూపులకు వచ్చిన బండి ఆడపిల్ల వాకిట్లో కదలనంటే ఏమనుకుంటారు? అబ్బాయి తల్లి ముఖం మాడిపోయింది. మా అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. న్యూట్రల్ దిగి బానెట్ ఎత్తి, బావిలో బిందె పడినప్పుడు తొంగి చూసినట్టు లోపలికి తొంగి చూశాడు. ఆయన చూసే చోటికీ, అసలు చూడాల్సిన చోటికీ మూరెడు దూరం ఉంది. ఎంతసేపని ఓర్చుకోను చెప్పండి! పట్టుచీర కుచ్చిళ్లు ఎత్తి నడుముకు దోపి, మెట్లు దిగి, "కొంచెం జరగండి" అన్నాను. పెళ్లికొడుకుతో నేను మాట్లాడిన మొదటి మాట అదే.

ఇక్కడ కార్ల సంగతి కొంచెం చెప్పాలి, విసుక్కోకండి. ఇంజన్‌కు కూడా ఊపిరి ఉంటుంది. గాలి లోపలికి రావడానికి, పొగ బయటికి పోవడానికి వాల్వులని చిన్న తలుపులుంటాయి. వాటిని వేళకు తెరిచి మూసేది కామ్‌షాఫ్ట్ అనే ఇరుసు. పాత బండ్లలో ఆ వేళ మారేది కాదు. కొత్త బండ్లలో నెమ్మదిగా పోయేటప్పుడు ఒక వేళకు, ఎత్తు ఎక్కేటప్పుడు ఇంకో వేళకు ఆ తలుపులు తెరుచుకుంటాయి. ఆ వేళ మార్చేది ఎవరనుకున్నారు? ఇంజన్‌లో పోసే నూనే. సన్నటి దారుల గుండా ఉరికి వచ్చి, కామ్‌షాఫ్ట్ చివర ఉన్న ఒక చక్రాన్ని ఇంత ముందుకో ఇంత వెనక్కో తోస్తుంది. ఆ నూనెకు దారి వదిలే కాపలాదారు ఒక చిన్న వాల్వు, దానికి ఒక కరెంటు తీగ. నేను నేరుగా ఆ వాల్వు దగ్గరికి చెయ్యి పోనిచ్చాను. అంతకుముందు నియమంగా నూనె కొలిచే పుల్ల లాగి చూశాను. నూనె మట్టం సరిగ్గా ఉంది, ఇంకా కాస్త వేడిగానే ఉంది. సరే అనుకుని తుడిచి పెట్టేశాను. తర్వాత డ్రైవరు సీట్లో కూర్చుని చూస్తే, హెచ్చరిక దీపం ఉండాల్సిన చోట చిన్న వినాయకుడి స్టిక్కర్ ఉంది. గోటితో కొంచెం ఎత్తితే వినాయకుడి కింద ఇంజన్ బొమ్మ పసుపుపచ్చగా వెలుగుతోంది. "ఆ దీపం నెలగా ఆరడం లేదు, నాయన దాని మీద సామిని అతికించినాడు" అన్నాడు న్యూట్రల్, చెవుల దాకా ఎర్రబడి.

ఆ వాల్వుకు వచ్చే తీగ కనెక్టర్ ఊడదీశాను. అట్లా ఊడదీస్తే ఆ చక్రం ఒక మామూలు స్థానానికి వచ్చి నిలబడిపోతుంది. బండి జోరు తగ్గుతుంది గానీ ఇంటికి చేరుస్తుంది. స్టార్ట్ చేశాను. కాసేపు గునిసి, ఇంజన్ నిదానంగా కుదురుకుంది. వీధిలో ఎవరో చప్పట్లు కొట్టారు. నాకు తల తిరిగిపోయింది, గర్వంతో. "ఆయిల్ కంట్రోల్ వాల్వు పోయింది. కొత్తది వేస్తే తీరిపోతుంది" అని తీర్పు చెప్పేశాను. పెద్దాయన నన్నూ, నా చేతుల మసినీ, మా అమ్మనూ వరసగా చూసి, "ఏమప్పా, కంప్యూటర్ ఉద్యోగమంటిరే?" అన్నాడు. నాయన మెడ తడుముకుంటూ, "అదీ కంప్యూటరే సామీ, చేతులు పెట్టి చేసే కంప్యూటరు" అన్నాడు. పెద్దాయన నవ్వలేదు. "బండిని మీ సెంటర్‌కు తీసుకురండి" అని నేనంటే మీసం వణికింది. "ఆ గడప నేను తొక్కను. పోయినసారి సర్వీసుకిస్తే కల్తీ చేసి పంపినారు. వాల్వు నువ్వే తెచ్చి మా ఇంట్లో వెయ్యి. బాగైతే అప్పుడు మాట్లాడదాం" అన్నాడు. ఏం మాట్లాడతాడో చెప్పలేదు. వాళ్లు వెళ్లాక అమ్మ అన్నం తినలేదు. "ఒట్టు వేయించితినే, ఒట్టు వేయించితినే" అని రాత్రంతా అంటూనే ఉంది.

పై ఆదివారం పొద్దున్నే నాయనా నేనూ బస్సెక్కాం. ఒళ్లో టూల్ బాక్స్, సంచిలో కొత్త వాల్వు, సూపర్‌వైజర్ని బతిమాలి తెచ్చిన స్కానర్. మా వంశంలో మగపెళ్లివారింటికి స్పానర్లు పట్టుకుని పెళ్లిచూపులకు పోయిన పిల్లను నేనే. బజారు వీధిలో దిగగానే నువ్వుల నూనె వాసన ఎదురొచ్చింది. కారు అంగడి ముందరే పెట్టి ఉంది, చుట్టూ వీధి వీధంతా చేరి ఉంది. మమ్మల్ని కూర్చోబెట్టారు. కాఫీ వచ్చింది. తెచ్చింది ఎవరో తెలుసా? న్యూట్రల్. తల వంచుకుని ఒక్కొక్కరికీ ఇచ్చాడు. ఒక పాట పాడమని అడుగుదామని నాలిక చివరి దాకా వచ్చింది. నాయన నా కాలు తొక్కాడు.

రాత్రంతా చల్లబడిన ఇంజన్. స్టార్ట్ చేయగానే లోపల కామ్‌షాఫ్ట్‌ను తిప్పే గొలుసు గులకరాళ్లు పోసినట్టు గలగలలాడింది. స్కానర్ పెడితే, కామ్‌షాఫ్ట్ చెప్పిన వేళకు కదలడం లేదని చూపించింది. ఆ యంత్రం రోగం పేరు చెబుతుందే గానీ అది ఎందుకొచ్చిందో చెప్పదు. నాకేం, కారణం నాకు తెలుసు కదా! జనం చూస్తుండగా దర్జాగా పాత వాల్వు విప్పి, కొత్తది బిగించి, కనెక్టర్ పెట్టి, చేతులు తుడుచుకుని "ఇప్పుడు చూడండి మామా" అన్నాను. (మామా అని ఎందుకన్నానో నాకే తెలియదు. నోరు జారింది.) న్యూట్రల్ తాళం తిప్పాడు. అదే గలగల, అదే వణుకు. వీధిలో ఎవరో కిసుక్కున నవ్వారు. "పాపం, కంప్యూటర్ పిల్ల" అంది ఎదురింటావిడ. తీగలు మీటరు పెట్టి చూశాను, కరెంటు సరిగ్గానే వస్తోంది. కనెక్టర్ కాళ్లు శుభ్రంగా ఉన్నాయి. చెవులు మండిపోతున్నాయి. అక్కడే భూమి చీలి లోపలికి లాక్కుంటే బాగుండునని అనుకున్నాను, నిజంగా.

ఏం చేయాలో తోచక పాత వాల్వు చేతిలోకి తీసుకుని, దాని చిన్న జాలీలో ఏమైనా అడ్డుపడిందేమోనని చూస్తున్నాను. అడ్డేమీ లేదు. కానీ దానికి అంటిన నూనె కారడం లేదు. వేలితో తీస్తే పాకం తీగలాగా సాగింది. గబగబా నూనె పుల్ల లాగాను. ఆ చల్లటి పొద్దుటిపూట దాని కొనన చుక్క వేలాడుతోంది, కింద పడనంటోంది. మా వాకిట్లో చూసినప్పుడు ఇంజన్ వేడికి ఈ నూనె కరిగి పలచగా కనబడి నన్ను మోసం చేసింది. ఈ బండికి పోయాల్సింది పలచటి నూనె. ఇందులో ఉన్నది పాత లారీలకు పోసే చిక్కటి నూనె. ఇంత చిక్కటిది ఆ సన్నటి దారుల్లో పాకేలోపు చక్రం కదలాల్సిన వేళ దాటిపోతోంది. కాపలాదారు తప్పు కాదు, దారిలో నడవాల్సినవాడి ఒళ్లు బరువు.

"మామా, ఇంజన్ ఆయిల్ ఎవరు మార్చినారు?" అని అడిగాను. పెద్దాయన మీసం మెలేశాడు. "నేనే! మీ సర్వీసోళ్లు పోసింది వేలి మీద వేసుకోని చూస్తిని. నీళ్లు! నీళ్ల మాదిరి ఉండాది! రుద్దితే పట్టే లేదు. మూడు తరాలుగా నూనె అమ్మేవాడికే కల్తీ నూనె పోసి పంపినారు. అదంతా వంచేసి, లారీ షెడ్డు కాడ వెతికి, అన్నిట్లోకి చిక్కంది తెచ్చి దగ్గరుండి పోపిస్తిని. చూడు, ఎట్ల పట్టుకోని ఉండాదో! అది నూనె అంటే" అన్నాడు. వీధి మొత్తం ఔనౌనని తలూపింది. నాకు రోగమూ తెలిసింది, మందూ తెలిసింది, ఇక నోరు తెరిస్తే పెళ్లి పోతుందని కూడా అప్పుడే తెలిసింది. నూనె మీద బతికే మనిషికి, ఆయన అంగడి ముందు, ఆయన వీధి వింటుండగా, మీకు నూనె తెలియలేదని ఎట్లా చెప్పడం?

నాయన నా పక్కకు జరిగి, పెదవులు కదపకుండా, "వాల్వు పని ఇంకా ఉండాదని చెప్పేసి బండిని సెంటర్‌కు ఎత్తుకోని పోదాం బిడ్డా, ఆడ మారుద్దువు" అన్నాడు. ఆ వెంటనే ఇంకో చెవి దగ్గర న్యూట్రల్. "ఏ రకం నూనె కావాల? చెప్పండి, నాయనకు తెలీకుండా మార్చేద్దాం" అన్నాడు. ఏ రకమో చెప్పాను గానీ, ఆ "తెలీకుండా" అన్న మాటకు నాకు ఒళ్లు మండిపోయింది. తెలియకుండా మారుస్తాం, సరే. మళ్లీ ఏడాది ఆయన వేలితో రుద్ది, నీళ్లంటాడు, వంచేస్తాడు, లారీ నూనె పోస్తాడు. ఈలోపు గొలుసు అరిగి ఇంజనే పోతుంది. అంతకంటే ముఖ్యం, ఇవాళ ఇది దాచిపెడితే రేపు నా ఉద్యోగాన్ని కూడా ఇట్లాగే చీర కుచ్చిళ్లలో దాచుకుని బతకాలి. నాకు చేతకాదు. "మామా, వాల్వు బాగానే ఉండాది. నేనే తప్పు చెప్పినాను. జబ్బు మీరు పోసిన నూనెలో ఉండాది" అన్నాను. వీధంతా విన్నారు.

మామ (అప్పటికింకా కాలేదు, అయినా) మీసం, కండువా, పంచె అన్నీ ఒకేసారి లేచాయి. "నా నూనెలోనా? ఎన్నమ్మా ఇది! మా తాత ముట్టుకుంటే గిన్నెలో నూనె పేరు చెప్పేవాడు. నిన్న పుట్టిన బిడ్డవు నువ్వు, నాకు నూనె నేర్పుతావా?" అన్నాడు. నాయన లేచి చేతులు జోడించాడు. నేను టూల్ బాక్స్ మూశాను. కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి, ఆ వీధి ముందు అవి జారకూడదని స్పానర్లు లెక్కపెట్టినట్టు నటిస్తున్నాను. అప్పుడు అంగడి లోపలినుంచి, అంతవరకూ ఒక్క మాట మాట్లాడని అత్త గొంతు వినబడింది. "నా కుట్టు మిషను సంగతి చెప్పేదా, నువ్వే చెప్తావా?"

మామ ముఖం చూడాల్సింది! "అదెందుకు ఇప్పుడు" అన్నాడు, సగం గొంతుతో. అత్త గడప దాటి వీధిలోకి వచ్చింది. "పెండ్లయిన కొత్తలో మా అమ్మ ఇచ్చిన మిషనమ్మా అది. దానికి పోసే నూనె సీసా చూసి, ఇదేం నూనె, నీళ్ల మాదిరి ఉండాదని పారబోసి, మేలైంది పోస్తా ఉండానని గానుగలో నువ్వుల నూనె పోసినాడు. కొన్నాళ్లకు చక్రం తిరగల్యా. జిగురు పట్టి బిగుసుకోని పోయింది. మిషన్ మంచిది కాదు, మీ అమ్మ ఏమారి కొనిందన్నాడు. అప్పట్నించి అది అటక మీద ఉండాది, నేను జాకెట్లు బయట కుట్టించుకుంటా ఉండా" అని, మామవైపు తిరిగి, "తలకు ఒగ నూనె, దీపానికి ఒగ నూనె, దోసెకు ఒగ నూనె అని ఊరందరికీ చెప్పి అమ్ముతావే. మిషనుకు వేరే నూనె ఉంటుందని నీకెవరు చెప్పాల? ఈ బిడ్డ చెప్పింది. ముప్పై ఏండ్లుగా నేను చెప్పలేకపోతిని" అంది. ఎదురింటావిడ నవ్వు ఆపుకోలేక లోపలికి పారిపోయింది.

సరిగ్గా అప్పుడు స్కూటర్ వచ్చి ఆగింది. ఈ గొడవలో న్యూట్రల్ మాయమైన సంగతి ఎవరూ గమనించలేదు. ఆయన నేను చెప్పిన రకం నూనె డబ్బా తెచ్చి, దొంగచాటుగా కాదు, తిన్నగా తండ్రి కాళ్ల దగ్గర పెట్టాడు. "నాయనా, అంగడోడు కూడా మన బండికి ఇదే పొయ్యాలన్నాడు. మారుద్దాం" అన్నాడు. అంతే, మూడు ముక్కలు. కానీ ఆ ఇంట్లో ఆయన నోట అటువంటి మాట రావడం అదే మొదటిసారి అని అత్త తర్వాత చెప్పింది. నాకు మాత్రం ఫస్ట్ గేరు పడిన చప్పుడు స్పష్టంగా వినబడింది. మామ చాలాసేపు డబ్బా వైపు చూశాడు. మూత తీయమన్నాడు. ఒక చుక్క వేలి మీద వేసుకుని, రుద్ది, కళ్లు మూసుకున్నాడు. "నీళ్లే" అన్నాడు. తర్వాత పంచె ఎగ్గట్టి, "పొయ్యి" అన్నాడు.

పాత నూనె దిగడానికే యుగమైంది. ఫిల్టరు మార్చి, ఒకసారి కడిగి, కొత్త నూనె పోసి, తాళం నేనే తిప్పాను. మొదట రవ్వంత గలగల. ఆ తర్వాత గొలుసు నోరు మూసుకుంది. ఇంజన్ తిరుగుతోందో లేదోనని న్యూట్రల్ బానెట్ మీద చెయ్యి పెట్టి చూశాడు. స్కానర్‌తో లోపాన్ని తుడిచేస్తే వినాయకుడి కింద దీపం ఆరిపోయింది. "ఇంతేనా? ఏటవాలు ఎక్కితే గదా తెలిసేది" అన్నాడు మామ, ఓడిపోవడానికి ఇష్టం లేక. నేను నడిపాను, మామ పక్కన కూర్చున్నాడు, వెనక సీట్లో నాయన దేవుళ్లందరినీ పిలుస్తున్నాడు. పేర్నంబట్టు దాటి కొండదారి మొదలైంది. నెలగా ఆ బండి రొప్పుతూ ఆగిపోతూ ఎక్కిన దారి అది. యాక్సిలరేటర్ తొక్కాను. నూనె పరిగెత్తింది, చక్రం తిరిగింది, తలుపులు వేళకు తెరుచుకున్నాయి, బండి ఊపిరి నిండా పీల్చుకుని మలుపు తర్వాత మలుపు ఎక్కేసింది. నాకైతే గట్టిగా కేక వేయాలనిపించింది. పెద్దల ముందు బాగుండదని ఊరుకున్నాను.

పైన ఒక మలుపులో ఆపమన్నాడు మామ. దిగి, కండువాతో ముఖం తుడుచుకుని, కిందున్న పొలాలవైపు చూస్తూ నిలబడ్డాడు. "ఏ పనికి ఏ నూనో చెప్పి ఇచ్చేదే మా వ్యాపారం. అదే నేను మర్చిపోతిని" అన్నాడు, మాతో కాదు, తనతోనే. నావైపు తిరిగి, "పెండ్లయినాక ఉద్యోగం మానాలంటిని గదా" అన్నాడు. స్టీరింగ్ గట్టిగా పట్టుకున్నాను. "మానేస్తే ఈ బండిని ఎవరు చూస్తారు? గడపలో మెకానిక్కును పెట్టుకోని బయటోడి కాడికి పోయేదానికి నాకేమన్నా పిచ్చా?" అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి, "ఒగటి మాత్రం చెప్తా ఉండా బిడ్డా. నాకు తప్పు చెప్పాలంటే నలుగురి ముందర చెప్పొద్దు. లోపలికి పిలిచి చెప్పు" అన్నాడు. "అట్లనే మామా" అన్నాను. ఈసారి నోరు జారలేదు, కావాలనే అన్నాను. వెనక సీట్లో నాయన కండువాలో ముఖం దాచుకుని ఏడ్చేశాడు.

పెళ్లయిన తర్వాతి వారమే అత్త కుట్టు మిషను అటక దిగింది. కిరసనాయిలుతో జిగురంతా కడిగి, పలచటి నూనె పోసి ఇస్తే, ఆమె చక్రం తిప్పి చూసి నన్ను పట్టుకుని ముద్దుపెట్టుకుంది. (తెలుగు అక్షరాలు కూడా నాకు ఆమే నేర్పింది, ఆ మిషను పక్కనే కూర్చోబెట్టి. ఇంట్లో అందరం తెలుగే మాట్లాడతాం గానీ చదవగలిగింది ఆమె ఒక్కతే. ఇది రాయగలుగుతున్నానంటే అందుకే.) కొన్నేళ్లకు గానుగ పక్కన గోదాములో నా సొంత షెడ్డు పెట్టుకున్నాను. ఒక గోడ అవతల నువ్వుల నూనె, ఇవతల ఇంజన్ నూనె. న్యూట్రల్ పొద్దున అటు, సాయంత్రం ఇటు. మా అమ్మ ఇప్పుడు వచ్చినవాళ్లందరితో "మా బిడ్డ మెకానిక్కు" అని, మొదటినుంచీ తన ఆలోచనే అన్నట్టు చెబుతోంది.

మొన్న ఒక కొత్త బండి వచ్చింది. ఈ మధ్య ఇంజన్లు ఇంకా సుకుమారమయ్యాయి, నూనె ఇంకా పలచబడింది. సీసా మూత తీసి, ఎప్పటినుంచి అలవాటైందో తెలియదు, ఒక చుక్క వేలి మీద వేసుకుని బొటనవేలితో రుద్దాను. కళ్లు కూడా మూసుకున్నానట. "ఇదేంది, నీళ్ల మాదిరి ఉండాది! కల్తీదేమో, వాపసు పంపించేద్దాం" అన్నాను గట్టిగా, బండి సొంతదారు వింటుండగానే. కుర్చీలో కునుకు తీస్తున్న మామ ఒక కన్ను తెరిచాడు. మీసం ఇప్పుడు పూర్తిగా తెలుపు. కర్ర పట్టుకుని మెల్లగా లేచి, నన్ను రమ్మని సైగ చేసి, గోడ అవతల గానుగలోకి తీసుకుపోయాడు. "సీసా మీద ఏం రాసిండారో చదువుకోమ్మా" అన్నాడు, చెవి దగ్గర. "నలుగురి ముందర అనకూడదని లోపలికి పిలిచి చెప్తా ఉండా." ఇద్దరం అక్కడే నువ్వుల బస్తాల మధ్య నిలబడి కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వాం. ఆ పట్టుచీర పిల్ల గనక ఆ వేళ అక్కడ ఉండి ఉంటే, "కొంచెం జరగండి" అని నన్నే పక్కకు నెట్టి ఉండేది. వేళ్లు తుడుచుకుని, షెడ్డులోకి తిరిగి వచ్చి, సీసా మీద రాసింది చదివి, పోశాను.